నాలుగు ముక్కలైన కటంగా: రాగి ఎవరి వాటాకి వచ్చింది?

ఆఫ్రికాలోని కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం మ్యాపులో ఇప్పుడు కటంగా అన్న ప్రావిన్సు లేదు. 2015లో దాన్ని నాలుగుగా విడగొట్టారు. దక్షిణాన లుబుంబాషి రాజధానిగా ఎగువ కటంగా, దానికి పడమట కోల్వెజి రాజధానిగా లువలాబా, ఉత్తరాన కామినా రాజధానిగా ఎగువ లోమామి, సరస్సు ఒడ్డున కాలెమీ రాజధానిగా టాంగన్యీకా. పాత కటంగా విస్తీర్ణం దాదాపు 4,97,000 చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా 2,75,000 దగ్గరే ఆగుతాయి. అంత పెద్ద ప్రావిన్సును పాలన సౌలభ్యం కోసం విడగొట్టామంటే ఎవరికైనా సబబుగానే అనిపిస్తుంది. ప్రభుత్వం చెప్పిన కారణమూ అదే.

అయితే గీతలు ఎక్కడ పడ్డాయో చూడాలి. రాగి, కోబాల్టు గనులు దాదాపు అన్నీ దక్షిణాన ఉన్న రెండు ప్రావిన్సుల్లోకి వెళ్లాయి. ఉత్తరాన ఉన్న రెండింటికి పొలాలు, చేపలు, పాడుబడిన రైలు పట్టాలు, సాయుధ ముఠాలు మిగిలాయి. ఈ గీత 2015లో పుట్టింది కూడా కాదు. 1960లో కటంగా వేరే దేశమవుతానన్నప్పుడు దాని ఉత్తర భాగం ఎదురు తిరిగింది, చీలిక అప్పుడే దాదాపు ఇక్కడే కనిపించింది. నూరేళ్లకు పైగా కటంగా సరిహద్దులు, చివరికి పేరు కూడా, రాగి డబ్బు ఎవరి చేతికి పోవాలన్న తగువును బట్టే మారుతూ వచ్చాయి.

రాగి అక్కడికి తెల్లవాళ్లతో రాలేదు. పంట కోతలయ్యాక, ఎండాకాలంలో ఊళ్లోవాళ్లు ఆకుపచ్చ రాయి ఏరుకొచ్చి, చెదపుట్ట మట్టితో కట్టిన కొలిమిలో బొగ్గు పోసి కరిగించేవాళ్లు. ఆ పనిని 'రాగి తినడం' అనేవాళ్లు, అంటే రాగితో బతకడం. కరిగించిన లోహాన్ని నాలుగు చేతుల శిలువ ఆకారంలో పోత పోసేవాళ్లు. అది శతాబ్దాల పాటు మధ్య ఆఫ్రికాలో డబ్బుగా చెలామణీ అయింది. 19వ శతాబ్దం మధ్యలో ఇప్పటి టాంజానియా వైపు నుంచి వచ్చిన మ్సిరి అనే వర్తకుడు బుంకెయా కేంద్రంగా రాజ్యం కట్టుకున్నది ఈ రాగి, దంతం, ఉప్పు, బానిసల వ్యాపారం మీదే. బెల్జియం రాజు లియోపోల్డ్ మనుషులూ, దక్షిణం నుంచి బ్రిటిష్ వాళ్లూ అతని సంతకం కోసం పోటీ పడ్డారు. అతను ఎవరికీ లొంగలేదు. 1891 డిసెంబర్ 20న లియోపోల్డ్ పంపిన స్టెయిర్స్ దళం అతన్ని కాల్చి చంపింది. రాగి ఉన్న నేల లియోపోల్డ్ కాంగోలో కలిసింది.

ఆ తర్వాత జరిగింది మామూలు వలస కథ కాదు. కొత్త నేలను పాలించే పనిని లియోపోల్డ్ ఒక కంపెనీతో పంచుకున్నాడు. 1900లో ఏర్పడిన 'కటంగా ప్రత్యేక కమిటీ'లో ఆరుగురు సభ్యులు. నలుగురు రాజ్యం తరఫున, ఇద్దరు కంపెనీ తరఫున. పోలీసులు, భూమి పట్టాలు, గని లైసెన్సులు అన్నీ 1910 వరకు ఈ కమిటీ చేతిలోనే. మిగతా కాంగోకి ఒక పాలన, కటంగాకి ఇంకొకటి. అక్కడి తెల్లవాళ్లు 'మేము వేరు' అనుకోవడానికి బీజం ఇక్కడే పడింది. తర్వాతి కాలపు వేర్పాటువాదాన్ని జాతుల పేరుతో వివరించేవాళ్లు ఈ కమిటీని మర్చిపోతుంటారు.

1906లో యూనియన్ మినియేర్ అనే గనుల కంపెనీ పుట్టింది. 1910లో రొడీషియా (ఇప్పటి జాంబియా, జింబాబ్వే) వైపు నుంచి రైలు ఎలిజబెత్‌విల్‌కి, అంటే ఇప్పటి లుబుంబాషికి, వచ్చింది. మరుసటి ఏడాది రాగి ఉత్పత్తి మొదలైంది. ఇక్కడో విషయం గమనించాలి. రైలు ఇప్పటి రాజధాని కిన్షాసా నుంచి రాలేదు, దక్షిణం నుంచి వచ్చింది. రాజధాని 1,500 కిలోమీటర్లకు పైనే దూరం. సరుకు, బొగ్గు, తిండిగింజలు, అధికారులు, ఫ్యాషన్లు అన్నీ రొడీషియా వైపు నుంచే. 1931లో అంగోలా తీరం నుంచి బెంగెలా రైలు కూడా చేరింది. ఇప్పుడు లోబిటో కారిడార్ అంటూ అమెరికా, యూరప్ దేశాలు డబ్బు పెడుతున్నది ఈ పాత దారి మీదే.

గనులకు మనుషులు కావాలి. చుట్టుపక్కల జనం పలచన. కాబట్టి కంపెనీ మొదట ఉత్తర రొడీషియా నుంచి, తర్వాత రువాండా నుంచి, ముఖ్యంగా పొరుగున ఉన్న కసాయి (Kasai) అనే ప్రాంతం నుంచి కూలీలను తెచ్చింది. 1920ల చివర్నుంచి విధానం మార్చింది: కూలీని ఆరు నెలలకు తెచ్చి పంపడం కాకుండా పెళ్లాం పిల్లలతో కాలనీలో కాపురం పెట్టించింది. ఇల్లు, మొక్కజొన్న పిండి రేషను, ఆసుపత్రి, బడి, అన్నీ కంపెనీవే. కసాయి నుంచి వచ్చిన లూబా జాతివాళ్లు చదువుకుని గుమాస్తాలు, ఫోర్‌మన్లు అయ్యారు. స్థానికులకు వాళ్ల మీద కడుపుమంట మొదలైంది. కంపెనీ దయ ఎంతవరకో 1941 డిసెంబర్‌లో తెలిసింది. ఎలిజబెత్‌విల్‌లో జీతాలు పెంచమని సమ్మె చేసి ఫుట్‌బాల్ మైదానంలో చేరిన నల్ల కార్మికుల మీద సైన్యం కాల్పులు జరిపింది, పదుల మంది చనిపోయారు. అదే కాలంలో పక్కనే షింకొలోబ్వే గనిలోని యురేనియం అమెరికాకి ఓడల్లో వెళ్తోంది. హిరోషిమా మీద వేసిన బాంబులోని యురేనియం చాలావరకు అక్కడిదే.

1960 జూన్ 30న కాంగోకి స్వాతంత్ర్యం వచ్చింది. అయిదు రోజులకే సైన్యం తిరగబడింది. జూలై 11న ప్రావిన్సు అధినేత మోయిజ్ చోంబే కటంగా స్వతంత్ర దేశమని ప్రకటించేశాడు. బెల్జియం సైనికులు, అధికారులు అండగా నిలిచారు. యూనియన్ మినియేర్ పన్నులు కేంద్రానికి కాకుండా చోంబే ప్రభుత్వానికి కట్టడం మొదలుపెట్టింది. ఒక్క దేశమూ అధికారికంగా గుర్తించలేదు, అయినా జెండా, డబ్బు, స్టాంపులు తయారయ్యాయి. 1961 నాటి కటంగా నాణెం మీద ఒక పక్క అరటిగెల, ఇంకో పక్క పాత రాగి శిలువ. జెండా మీదా అవే శిలువలు, మూడు. చోంబేకి కుడిభుజమైన హోం మంత్రి గొడెఫ్రాయ్ మునోంగో మ్సిరి మనవడు. తాతను చంపి ఈ నేల లాక్కున్న రాజ్యం వారసులే మనవడి దేశానికి కాపలా కాశారు.

ఇంతకీ కటంగా ప్రజలంతా చోంబే వెనక ఉన్నారా? లేరు. 1960 మేలో జరిగిన ప్రావిన్సు ఎన్నికల్లో 60 స్థానాలకు చోంబే పార్టీ కొనకాట్‌కి వచ్చినవి 25. జేసన్ సెండ్వే నాయకత్వంలోని బలుబాకాట్ కూటమికి 23. అంటే దాదాపు సగం సగం. కొనకాట్ బలం గనులున్న దక్షిణంలో, బలుబాకాట్ బలం కటంగా సొంత లూబాలుండే ఉత్తరంలో. సభలో మూడింట రెండు వంతుల హాజరు ఉండాలన్న నిబంధనను అడ్డుపెట్టుకుని బలుబాకాట్ సభకు రాకపోతే, బెల్జియం ఆ నిబంధననే మార్చి చోంబేకి దారి ఇచ్చింది. దాంతో ఉత్తరం అంటుకుంది. చోంబే సైన్యం ఊళ్లు తగలబెట్టింది, లూబా యువకులు ఎదుటివాళ్లను అటకాయించి చంపారు. 1961 మొదట్లో సెండ్వే మనుషులు మనోనో పట్టణం రాజధానిగా 'లువలాబా ప్రావిన్సు' ప్రకటించుకున్నారు. పేరు ఇప్పటి లువలాబాదే గానీ చోటు వేరు. కటంగా కాంగో నుంచి విడిపోతుంటే, కటంగా నుంచి దాని ఉత్తర భాగం విడిపోతోంది.

1961 జనవరి 17న దేశ తొలి ప్రధాని పాట్రిస్ లుముంబాను ఎలిజబెత్‌విల్‌కి తెచ్చి ఆ రాత్రే చంపేశారు. ఆ తర్వాత ఐక్యరాజ్యసమితి గట్టిగా కదిలింది. ఇందులో మన దేశానికి నేరుగా పాత్ర ఉంది. నెహ్రూ ప్రభుత్వం ఒక పూర్తి బ్రిగేడ్‌ను పంపింది. 1961 డిసెంబర్ 5న ఎలిజబెత్‌విల్ విమానాశ్రయం దగ్గర కటంగా సైనికులు పెట్టిన అడ్డంకిని ఛేదించే పోరులో కొద్దిమంది గూర్ఖాలతో దూకిన కెప్టెన్ గుర్బచన్ సింగ్ సలారియా మరణించారు. శాంతి దళంలో పనిచేస్తూ పరమవీర చక్ర పొందినది ఆయన ఒక్కరే. మన కాన్‌బెర్రా విమానాలు కోల్వెజి విమానాశ్రయం మీద దాడి చేశాయి. 1962 చివర్లో మొదలైన ఆఖరి దాడికి కటంగాలో ఐరాస దళాల సారథి జనరల్ దీవాన్ ప్రేమ్‌చంద్. 1963 జనవరిలో చోంబే చేతులెత్తేశాడు. అంతకు ముందు 1961 సెప్టెంబర్‌లో చర్చల కోసం వెళ్తూ ఐరాస ప్రధాన కార్యదర్శి హామర్‌షోల్డ్ విమానం కూలి చనిపోయారు. అది ప్రమాదమా కాదా అన్నది ఇంకా తేలలేదు.

గెలిచిన కేంద్రం కటంగాను ఏం చేసింది? ముక్కలు చేసింది. 1962లోనే ఉత్తర కటంగాను వేరే ప్రావిన్సుగా ప్రకటించింది. వేర్పాటు ముగిశాక మిగిలిన దాన్ని లువలాబా, తూర్పు కటంగాలుగా చీల్చింది. 2015 మ్యాపును ఈ మ్యాపు పక్కన పెట్టి చూడండి. ఉత్తరాన్ని మళ్లీ రెండు చేశారన్న తేడా తప్పిస్తే పోలిక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఆ మొదటి విభజన ఎక్కువ కాలం నిలవలేదు. 1965లో గద్దెనెక్కిన మొబుటు చిన్న ప్రావిన్సులన్నిటినీ మళ్లీ కలిపేశాడు. కటంగా ఒక్కటైంది గానీ చేతిలో అధికారం లేదు, గవర్నర్‌ని రాజధాని నుంచి పంపేవారు. 1967 జనవరి 1న యూనియన్ మినియేర్‌ను జాతీయం చేశారు, అదే తర్వాత జెకామీన్ అయింది. 1971లో దేశం పేరు జైర్‌గా మారాక కటంగా పేరు కూడా పోయి 'షాబా' వచ్చింది. స్వాహిలిలో షాబా అంటే రాగి. వేర్పాటు జ్ఞాపకాన్ని చెరిపేయడానికి పేరు మార్చారు, సరే. కానీ ఆ నేలను గనిగా తప్ప ఇంకోలా చూడలేదని చెప్పడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి!

చోంబే పాత సైనికులు అంగోలాలో తలదాచుకుని 1977లో, మళ్లీ 1978లో దండెత్తి వచ్చారు. రెండోసారి కోల్వెజి పట్టణాన్నే పట్టుకున్నారు. ఫ్రాన్స్ పారాచూట్ దళాన్ని దింపి విడిపించింది. ప్రపంచ మార్కెట్లో కోబాల్టు ధర అమాంతం పెరిగింది, ఆ పట్టణం ఎంత ముఖ్యమో అప్పుడు అందరికీ తెలిసొచ్చింది. జెకామీన్ 1980ల మధ్యలో ఏడాదికి 4,70,000 టన్నులకు పైగా రాగి తీసింది. లాభాలు కిన్షాసా పెద్దల జేబుల్లోకి పోయాయి, యంత్రాలకు విడిభాగాలు కొనలేదు, 1990లో కమోటో భూగర్భ గని కూలింది. 1990ల మధ్యకు ఉత్పత్తి పదో వంతు కంటే కిందకు పడిపోయింది.

కంపెనీ మునిగిపోతుంటే కోపం కసాయి నుంచి వచ్చినవాళ్ల మీదకు మళ్లింది. 1992 ఆగస్టులో కసాయికి చెందిన ఎటియెన్ చిసెకెడి, కటంగాకి చెందిన ఎంగుజ్ కార్ల్-ఇ-బాండ్ స్థానంలో ప్రధాని అయ్యాడు. గవర్నర్ గాబ్రియెల్ క్యుంగు అనుచరులు కసాయి వాళ్లను 'బిలులు' అన్నారు, అంటే పురుగులు. లికాసి, కోల్వెజి పట్టణాల్లో మూడు తరాలుగా ఉంటున్న కుటుంబాలను ఇళ్లలోంచి తరిమారు. లక్షల మంది రైల్వే స్టేషన్లలో వారాల తరబడి పడి ఉండి, గూడ్సు బండ్లెక్కి, ఎన్నడూ చూడని 'సొంతూళ్లకు' వెళ్లారు. ఎందరో దారిలోనే చనిపోయారు. ఇక్కడ తమాషా ఏమిటంటే క్యుంగు ఉత్తర లూబా. 1960లో చోంబేని ఎదిరించిన వర్గం. కసాయివాళ్లనే ఎదుటి పక్షం దొరికేసరికి ఉత్తరం, దక్షిణం ఒకటయ్యాయి. కటంగా ఐక్యత గట్టిగా వినిపించినప్పుడల్లా ఎవరో ఒకర్ని గెంటేస్తున్నారనే అనుమానించాలి.

1997లో మొబుటును దించిన లోరాఁ కబిలా పూర్వాశ్రమంలో బలుబాకాట్ కార్యకర్తే. ఆయన రాగానే కటంగా పేరు తిరిగొచ్చింది. కొడుకు జోసెఫ్ కబిలా హయాంలో 2002లో కొత్త గనుల చట్టం వచ్చి విదేశీ కంపెనీలకు తలుపులు తెరిచింది. ప్రపంచ బ్యాంకు డబ్బుతో జెకామీన్ పదివేలకు పైగా కార్మికులను సాగనంపింది. జీతం, రేషను, ఆసుపత్రి ఒకేసారి పోయినవాళ్లలో చాలామంది గునపం పట్టుకుని చేతి తవ్వకాలకు దిగారు.

2006 రాజ్యాంగం రెండు మాటలు చెప్పింది. ఒకటి, 11 ప్రావిన్సుల స్థానంలో 26 రావాలి, అదీ 36 నెలల్లో. రెండు, జాతీయ ఆదాయంలో 40 శాతాన్ని ప్రావిన్సులు వసూలైన చోటే అట్టిపెట్టుకోవచ్చు. ఈ రెండో మాట నిజంగా అమలైతే కటంగా ఒక్కసారిగా ఎంతో ధనవంతమయ్యేది. అమలు కాలేదు. కిన్షాసా మొత్తం లాక్కుని, తోచినప్పుడు తోచినంత తిరిగి పంపింది. మొదటి మాట కూడా చాన్నాళ్లు మూలన పడి ఉంది, గడువు దాటాక ఐదేళ్ల వరకు ఎవరూ పట్టించుకోలేదు.

మరి 2015లోనే ఎందుకు గుర్తొచ్చింది? ఇక్కడ మోయిజ్ కటుంబి పేరు చెప్పాలి. 2007 నుంచి కటంగా గవర్నర్. వ్యాపారి, దేశంలోకెల్లా పెద్ద ఫుట్‌బాల్ క్లబ్ టీపీ మజెంబే అధ్యక్షుడు. 2010లో ఆ జట్టు క్లబ్బుల ప్రపంచ కప్ ఫైనల్ ఆడింది, అంతకు ముందు ఏ ఆఫ్రికా జట్టూ అంత దూరం రాలేదు. రోడ్లు వేశాడు, శుద్ధి చేయని ఖనిజం దేశం దాటకుండా ఆంక్షలు పెట్టాడు. కబిలా రెండో పదవీకాలం 2016లో ముగియాలి. మూడోసారి వద్దని కటుంబి బహిరంగంగానే అనడం మొదలుపెట్టాడు. 2015 మధ్యలో కటంగా ముక్కలైంది, గవర్నర్ పదవికి కింద నేలే మాయమైంది, సెప్టెంబర్‌లో కటుంబి రాజీనామా చేశాడు. కొత్త ప్రావిన్సులకు గవర్నర్ల ఎన్నిక జరిగేలోగా కబిలా ప్రత్యేక కమిషనర్లను నియమించుకున్నాడు. దేశంలో మొత్తం ఆరు ప్రావిన్సులను చీల్చారు కాబట్టి ఇది కటుంబి ఒక్కడి కోసం చేసిన పని అనలేం. కానీ తొమ్మిదేళ్లు ఆగిన పని ఆ నెలల్లోనే జరగడం యాదృచ్ఛికమని లుబుంబాషిలో నమ్మేవాళ్లు తక్కువ.

విభజన కావాలన్నవాళ్లూ ఉన్నారు. లువలాబా పెద్దలకు అది పాత కోరిక, కోల్వెజి గనులన్నీ తమ గడ్డ మీద ఉంటే పెత్తనం లుబుంబాషిది కావడం వాళ్లకు మింగుడు పడేది కాదు. ఉత్తరంలో మాత్రం మరో కథ నడుస్తోంది. అక్కడ 'కటా కటంగా' పేరుతో గెడియోన్ క్యుంగు ముతాంగా అనే ముఠా నాయకుడి మనుషులు తుపాకులు పట్టారు. 'కటంగాను కోసెయ్' అని అర్థం, కాంగో నుంచి కోసెయ్ అని భావం. మనోనో, మిట్వాబా, ప్వెటో మధ్య నేలకు 'మృత్యు త్రికోణం' అన్న పేరొచ్చింది. 2013 మార్చి 23న వాళ్లు ఏకంగా లుబుంబాషి వీధుల్లోకి వచ్చారు. గనుల సొమ్ము దక్షిణాన ఆగిపోతోంది, మా ఊళ్లకు రావడం లేదన్నది వాళ్ల ఫిర్యాదుల్లో ఒకటి. ఆ ఫిర్యాదుకు విభజన ఇచ్చిన జవాబు విచిత్రమైనది. సొమ్ముకూ వాళ్లకూ మధ్య చట్టబద్ధమైన సరిహద్దు గీసింది.

లెక్క చూస్తే అర్థమవుతుంది. గని కంపెనీ కట్టే రాయల్టీలో 25 శాతం గని ఉన్న ప్రావిన్సుకు, 15 శాతం గని ఉన్న స్థానిక సంస్థకు వెళ్లాలి. 2018లో చట్టం మార్చినా ఈ రెండు వాటాలూ మారలేదు. రాయల్టీ రేట్లు మాత్రం పెరిగాయి: రాగి మీద 2 నుంచి 3.5 శాతానికి, 'వ్యూహాత్మక' ఖనిజంగా ప్రకటించిన కోబాల్టు మీద 10 శాతానికి. పాత కటంగాలో ప్రావిన్సు వాటా లుబుంబాషికి చేరేది, అక్కడి నుంచి కామినాలో బడికో కాలెమీలో వంతెనకో అడిగే హక్కు ఉత్తరాది సభ్యులకు ఉండేది. అడిగినంత వచ్చేదా అన్నది వేరే సంగతి. ఇప్పుడు అడగడానికి సభే వేరు. ఎగువ లోమామికి చెప్పుకోదగ్గ పెద్ద గని లేదు. వెనకబడిన ప్రావిన్సుల కోసం జాతీయ ఆదాయంలో 10 శాతంతో సమతుల్య నిధి ఉండాలని రాజ్యాంగంలో రాసుకున్నారు, అది కాగితం దాటి వచ్చింది అంతంత మాత్రమే. మన విభజనలో హైదరాబాద్ ఆదాయం గురించి జరిగిన వాదన గుర్తున్నవాళ్లకు ఈ తగువు స్వభావం ఇట్టే అర్థమవుతుంది. తేడా ఏమిటంటే కటంగాలో ఆ వాదన జరగడానికి ముందే గీతలు పడిపోయాయి.

దక్షిణాది రెండు ప్రావిన్సులకు మాత్రం దశ తిరిగింది. ప్రపంచపు కోబాల్టులో మూడింట రెండు వంతులకు పైగా కాంగోదే, అదంతా దాదాపు ఇక్కడిదే. ఫోన్లు, ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీలు దాని మీదే నడిచాయి. లువలాబాలో టెంకే ఫుంగురూమేను 2016లో చైనా కంపెనీ కొనుక్కుంది, 2021లో కమోవా-కకులా గని ఉత్పత్తి మొదలైంది. కోల్వెజికి రాజధాని హోదా, కొత్త భవనాలు వచ్చాయి. ఆ పట్టణంలోనే కసులో అనే పేటలో జనం సొంత ఇళ్ల నేల కిందే గోతులు తవ్వి ఖనిజం తీశారు. ధర పడిపోతోందని 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వం కోబాల్టు ఎగుమతులు ఆపేసి, తర్వాత కోటాలు పెట్టింది. ఆ నిర్ణయం తీసుకున్నది కిన్షాసా, కోల్వెజి కాదు. ప్రావిన్సులు ఎన్ని అయినా ఈ ఒక్క సంగతి మారలేదు.

లారీలకు కూడా కొత్త మ్యాపు పట్టదు. కోల్వెజి నుంచి బయల్దేరిన సరుకు లికాసి, లుబుంబాషి మీదుగా జాంబియా సరిహద్దులోని కసుంబలేసాకే ఎక్కువగా పోతుంది. గని లువలాబాలో, సరిహద్దు చెక్‌పోస్టు ఎగువ కటంగాలో.

'గ్రాండ్ కటంగా' అన్న మాట మాత్రం పోలేదు. రాజకీయ నాయకులు, పత్రికలు, చర్చి అందరూ వాడుతూనే ఉన్నారు. 2022 మేలో లుబుంబాషి ఆర్చిబిషప్ నాలుగు ప్రావిన్సుల వాళ్లనూ కూర్చోబెట్టి సయోధ్య సభ జరిపారు. 2019 నుంచి దేశాధ్యక్షుడు ఫెలిక్స్ చిసెకెడి, కసాయి ప్రాంతంవాడు, 1992లో ప్రధాని అయిన ఎటియెన్ కొడుకు. కసాయి నుంచి పనికోసం వచ్చే యువకులతో లుబుంబాషి, కోల్వెజిల్లో మళ్లీ పాత టెన్షన్ మొదలైంది.

ఇప్పుడు ఉత్తరానికీ ఒక ఖనిజం దొరికింది. 1961లో సెండ్వే మనుషులు రాజధానిగా ప్రకటించుకున్న మనోనో, ఒకప్పుడు తగరం గనులతో బతికి తర్వాత పాడుబడిన ఆ పట్టణం కిందే ప్రపంచంలోని భారీ లిథియం నిల్వల్లో ఒకటి ఉంది. లైసెన్సు నాదంటే నాదని ఆస్ట్రేలియా కంపెనీ, చైనా కంపెనీ అంతర్జాతీయ మధ్యవర్తుల దాకా వెళ్లాయి. మనోనో టాంగన్యీకా ప్రావిన్సులో ఉంది కాబట్టి రాయల్టీలో ఆ 25 శాతం కాలెమీకి వెళ్తుంది. పక్కనే ఉన్న ఎగువ లోమామికి ఈసారి కూడా ఏమీ రాదు.